బ్రేకు తొక్కితే కుర్చీ వెనక్కి పోయింది

పోయినేడాది మే నెల. రాత్రి పదకొండున్నర. నాచారంలో మా ఇంటి చిన్న గదిలో, కూలర్ పక్కన కూర్చుని, ఇటలీలోని మోన్జా ట్రాక్ మీద గంటకు 260 కిలోమీటర్ల వేగంతో పోతున్నా. మొదటి మలుపు వచ్చింది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కా. కారు ఆగలేదు. నేను కూర్చున్న కుర్చీ మాత్రం జర్రున వెనక్కి పోయి బీరువాకి గుద్దుకుంది.

హాల్లోంచి అమ్మ కేక. "ఏం పడిందిరా?"

"ఏం లేదమ్మా, కుర్చీ."

బీటెక్ మెకానికల్ చదివి, ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ని. మన దగ్గర ఇదేం వింత కాదు కదా. కానీ న్యూటన్ మూడో సూత్రం నాకు నిజంగా అర్థమైంది ఆ రాత్రే. పెడల్‌ని నేను ఎంత గట్టిగా ముందుకు తోస్తే, అది నన్ను అంతే గట్టిగా వెనక్కి తోస్తుంది. కింద చక్రాల కుర్చీ ఉంటే ఇక చెప్పేదేముంది.

అప్పటికి ఈ పిచ్చి మొదలై రెండేళ్లు. ఖర్చు లక్ష దాటింది. అయినా కూర్చున్నది ఆఫీసు కుర్చీలో, వీల్ బిగించింది చెక్క బల్లకి. ఈ వారం ఆ కథే చెప్తా. ఎవరైనా ఇదే దారిలో ఉంటే మీ డబ్బులు కొన్నైనా మిగులుతాయి.

ఎక్కడ మొదలైందంటే

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు. ఇండియాలో జరిగిన మొదటి ఫార్ములా ఈ రేసు అదే. మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్డు మీద 2.8 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, 18 మలుపులతో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఖైరతాబాద్‌లో దిగి వెళ్లా. ఎలక్ట్రిక్ కార్లు కాబట్టి ఇంజన్ గోల లేదు. టైర్ల అరుపు, గాలిని కోస్తున్న చప్పుడు, అంతే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను మాత్రం గెలుపు కన్నా ఎక్కువగా ఒకటే చూశా: ఒక్కొక్కడు మలుపు ముందు ఎంత ఆలస్యంగా బ్రేకు వేస్తున్నాడో.

2024లో మళ్లీ వస్తుందని ఎదురుచూశాం. జనవరిలో రద్దయింది.

మరి మనలాంటివాడు రేసు నడపాలంటే ఎక్కడికి వెళ్లాలి? దగ్గర్లో సరైన ట్రాక్ అంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కారి ఉంది. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ గ్రేటర్ నోయిడాలో ఉంది. ట్రాక్ దొరికినా కారు కావాలి, టైర్లు కావాలి, గుద్దితే బాగుచేయించడానికి ఇంకో జీతం కావాలి. అందుకే సిమ్ రేసింగ్.

"అంటే వీడియో గేమే కదా" అంటారు. కాదనను. కానీ ఇందులో టైరు వేడెక్కితే పట్టు మారుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ కారు తేలికవుతుంది. చాలా ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి, రోడ్డు మీద చిన్న గతుకుతో సహా దింపారు. 2011లో గ్రాన్ టురిస్మో ఆటగాళ్ల పోటీ గెలిచిన జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడు నిజం రేసర్ అయ్యాడు. అతని మీద 2023లో సినిమా కూడా వచ్చింది. వెర్‌స్టాపెన్ అంతటివాడు రేసులు లేని రోజుల్లో ఇంట్లో కూర్చుని ఇదే చేస్తాడు.

మూడు రకాల మోటర్లు, ఒక జబ్బు

నా మొదటి వీల్ సెకండ్ హ్యాండ్‌ది. 15 వేలు. హబ్సిగూడలో ఒకతను అమెరికా వెళ్తూ అమ్మేశాడు.

వీల్ లోపల ఏముంటుందో చెప్తా. కారు జారితే, గతుకు తగిలితే మన చేతికి తెలియడానికి ఒక మోటర్ ఉంటుంది. ఆ బలం చేతిదాకా ఎలా వస్తుందన్న దాన్ని బట్టి మూడు రకాలు. పళ్ల చక్రాలతో వచ్చేది గేర్ డ్రైవ్. లాజిటెక్ జీ29 ఈ రకం, బలం సుమారు 2 న్యూటన్ మీటర్లు. బెల్టుతో వచ్చేది బెల్ట్ డ్రైవ్, థ్రస్ట్‌మాస్టర్ టీ300 లాగా. మోటర్ ఇరుసుకే వీల్‌ని నేరుగా బిగిస్తే డైరెక్ట్ డ్రైవ్. ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీ 5 న్యూటన్ మీటర్లు, మోజా ఆర్5 అయితే 5.5. మధ్యలో గేర్లూ బెల్టులూ ఉండవు కాబట్టి చిన్న కదలిక కూడా సాఫీగా వేళ్లదాకా వస్తుంది.

ఇది చదవగానే "నాకు డైరెక్ట్ డ్రైవే కావాలి" అనిపించిందా? అదే అప్‌గ్రేడ్ జబ్బు. నాకు ఏడాదిలో పట్టుకుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చా. 27 అంగుళాల మానిటర్ కొన్నా. గేర్ షిఫ్టర్ కొన్నా. చివరికి డైరెక్ట్ డ్రైవ్, 46 వేలు. ప్రతిసారీ ఒకటే మాట, "దీనితో సెట్ అయిపోతుంది". అవలేదు.

ఎంతైందని ఇంట్లో అడిగితే ఏం చెప్పానో తెలుసా? "ఆరు వేలు నాన్నా, ఆఫర్‌లో వచ్చింది."

మోటర్ బలం పెరిగింది, బల్ల అదే. మలుపు తిప్పినప్పుడల్లా వీల్‌తో పాటు బల్ల కూడా తిరగడం మొదలుపెట్టింది. మానిటర్ ఊగేది. క్లాంపు బిగించిన చోట చెక్క నలిగిపోయింది. కింద వాటాలో ఉండే ఆంటీ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "బాబూ, రాత్రిపూట పిండి మిషన్ ఏమైనా నడుపుతున్నారా?" అని అడిగింది.

నాన్న చూసిన షీట్

మా నాన్న ఫిట్టర్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్‌లో 23 ఏళ్లు చేశాడు. పంపుల విడిభాగాలు చేసేవాళ్లు. 2020 లాక్‌డౌన్ తర్వాత అది మూతపడింది. ఆ షెడ్డు ఇప్పుడు ఏదో కంపెనీ గోడౌన్. అప్పటి నుంచి నాన్న పొద్దున పాలు తెస్తాడు, పేపర్ చదువుతాడు, సాయంత్రం హెచ్ఎంటీ నగర్ దాకా నడిచి వస్తాడు. ఏమీ అనడు. ఇంట్లో కుళాయి లీకైతే కూడా ప్లంబర్‌ని పిలవమనేవాడు. ఆయన పనిముట్ల పెట్టె మంచం కిందకి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు.

ఒక ఆదివారం నా ల్యాప్‌టాప్‌లో కరెంటు బిల్లు కట్టమని ఇచ్చి స్నానానికి వెళ్లా. ఖర్చులు రాసుకునే షీట్ తెరిచే ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల రోగం కదా, ప్రతిదీ షీట్‌లో రాసుకుంటాం. పైన పేరు కూడా పెట్టుకున్నా, "రేసింగ్". కింద టోటల్: 1,31,400.

నేను వచ్చేసరికి నాన్న ల్యాప్‌టాప్ మూసి కూర్చున్నాడు.

"కరెంటు బిల్లు కట్టిన" అన్నాడు. కాసేపాగి, "నాకు లెక్క జూసి చేతుల పెట్టింది గింతకన్న ఏడు వేలు ఎక్కువ" అన్నాడు.

23 ఏళ్లకు ఆయనకొచ్చిన గ్రాట్యుటీ 1,38,400. ఆ అంకె నాకు తెలుసు. ఎందుకంటే ఆ చెక్కు బ్యాంకులో వేసింది నేనే.

తిట్టలేదు. తిడితే బాగుండేది. "నా జీతం నా ఇష్టం" అని అనుకోవడానికి నాకూ ఒక దారి దొరికేది. ఆయనకు బాధ ఖర్చు చూసి కాదు. ఆరు వేలని చెప్పినందుకు. నిజం చెప్తే తట్టుకోలేడని నేననుకున్నట్టు ఆయనకు అర్థమైంది. నాలుగు రోజులు మా ఇద్దరి మధ్య "అన్నం తిన్నవా", "తిన్న" తప్ప మాటల్లేవు. వీల్ ముట్టుకోబుద్ధి కాలేదు. అమ్మేద్దామని ఫొటోలు కూడా తీసిపెట్టా.

అయిదో రోజు సాయంత్రం గదిలోకి వచ్చాడు. బల్లని చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. వంగి క్లాంపు చూశాడు.

"గిదేంది, గింత పెట్టి కొని గీ బల్ల మీద వెడతవా? మోటర్ పాడైతది. కొన్నవ్ కదా, ఇగ సక్కగ నిలవెట్టు."

సారీ చెప్పా. "సర్లే, టేపు ఎక్కడుంది?" అన్నాడు.

రెండు పైపులు, ఒక ఆల్టో సీటు

దీనికోసం కంపెనీలు అల్యూమినియం ప్రొఫైల్‌తో రిగ్గులు అమ్ముతాయి. బాగుంటాయి, ఎటైనా జరుపుకోవచ్చు. కానీ ఖరీదు. నాన్న ప్లాన్ వేరు: 40 బై 40 స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం. 20 అడుగుల పొడవు ఒకటి 14 కిలోల చిల్లర తూగుతుంది. రెండు కొన్నాం. కొలతలు నేను కంప్యూటర్‌లో గీశా. ఆయన పాత కరెంటు బిల్లు వెనక గీశాడు. చివరికి పని నడిచింది ఆయన కాగితం మీదే.

మంచం కింది పెట్టె బయటికి వచ్చింది. గుడ్డలో చుట్టిన వెర్నియర్, మూలమట్టం, చాక్‌పీసు. నాచారంలోనే ఆయనకు తెలిసిన వెల్డింగ్ షాపు. అక్కడ నాన్నని చూసి ముగ్గురు పలకరించారు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

అక్కడ నేర్చుకున్నవి రెండు చెప్తా, రాసిపెట్టుకోండి.

ఒకటి, ముందే ఫుల్ వెల్డింగ్ వేయించొద్దు. వేడికి ఇనుము లాగేస్తుంది, ఫ్రేమ్ వంకర పోతుంది. ముందు నాలుగు మూలల్లో టాక్ వేయించి, ఎదురెదురు మూలలు టేపుతో కొలవాలి. రెండూ ఒకటే వస్తేనే ఫ్రేమ్ సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు పూర్తిగా వెల్డింగ్.

రెండు, పెడల్స్ దగ్గర త్రికోణం కావాలి. నేను గీసిన బొమ్మలో పెడల్ ప్లేటు ముందుకు ఒంటరిగా పొడుచుకుని వచ్చింది. నాన్న చూసి, "నువ్వు బ్రేకు తొక్కుతలేవు బిడ్డా, ఇనుమును వంచుతున్నవ్" అన్నాడు. ఒక చివర మాత్రమే పట్టుకున్న కమ్మి పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు అవుతుందని నేను మూడో సెమిస్టర్‌లో రాసి పాసయ్యా. బొమ్మ గీసేటప్పుడు గుర్తు రాలేదు. ఆయన ఆ ఫార్ములా ఎప్పుడూ చదవలేదు. ఒక అడ్డ పైపు ఏటవాలుగా వేయించాడు, కదలిక పోయింది.

సీటు ఆటోనగర్‌లో పాత ఆల్టోది, 2,500. పైపులు 2,100. కటింగ్, వెల్డింగ్ కలిపి 2,000. బోల్టులు, రెడ్ ఆక్సైడ్, నల్ల పెయింటు, కింద వాషింగ్ మెషిన్ రబ్బరు పాదాలు, అన్నీ 900. మొత్తం 7,500. సీటు, పెడల్స్ ముందుకూ వెనక్కూ జరగడానికి గుండ్రటి బొక్కలు కాకుండా పొడుగు స్లాట్లు కొట్టించాడు. "రేపు నీ దోస్తు కూసుంటడు, వాని కాళ్లు నీకంటె పొడుగుంటయ్" అన్నాడు.

కాటాలో ఉండేదే బ్రేకులోనూ

తర్వాత మార్చింది బ్రేకు. మామూలు పెడల్స్ కాలు ఎంత దూరం దిగిందో కొలుస్తాయి. నిజం రేసు కారులో పెడల్ పెద్దగా దిగదు, ఎంత గట్టిగా తొక్కామన్నదే లెక్క. కాలికి దూరం సరిగ్గా గుర్తుండదు, బలం గుర్తుంటుంది. అందుకే లోడ్ సెల్ బ్రేకు. కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాటాలో ఉండేది కూడా లోడ్ సెల్లే.

కోఠీ గుజరాతీ గల్లీలో 100 కిలోల లోడ్ సెల్, దాని సిగ్నల్ పెంచే హెచ్ఎక్స్711 బోర్డు, కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపించే ఆర్డుయినో ప్రో మైక్రో, మొత్తం 2,300. పెడల్ వెనక స్ప్రింగు తీసేసి నాన్న రబ్బరు బుష్‌లు వేశాడు. కోడ్ నేను రాశా. తీరా నడిపితే బ్రేకు లేటుగా పడుతోంది. రెండు రాత్రులు నా కోడ్‌నే తిట్టుకున్నా. తప్పు కోడ్‌ది కాదు. ఆ చిప్ మామూలుగా సెకనుకు 10 సార్లే కొలుస్తుంది. గంటకు 270లో పోతున్న కారు సెకనులో పదో వంతులో ఏడున్నర మీటర్లు వెళ్లిపోతుంది! చిప్ 15వ కాలు రేటుది. దాన్ని గ్రౌండ్ నుంచి విడదీసి సప్లైకి కలిపితే సెకనుకు 80 సార్లు కొలుస్తుంది, అంటే మీటరు కన్నా తక్కువ దూరం. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని ఆ సన్నటి కాలుని లేపింది నాన్నే. నా చెయ్యి వణుకుతుంది.

ఎంతకి ఎన్ని సెకన్లు?

మోన్జాలో అదే కారు, అదే సెట్టింగు. గేర్ డ్రైవ్ వీల్‌తో నా బెస్ట్ ల్యాప్ 1 నిమిషం 54.3 సెకన్లు. 46 వేల డైరెక్ట్ డ్రైవ్ బల్ల మీద పెట్టాక 1:53.9. నాన్న రిగ్గు మీద 1:51.2. లోడ్ సెల్ తర్వాత 1:49.8. ప్రాక్టీసు వల్ల తగ్గింది కూడా ఇందులో ఉంది, ఒప్పుకుంటా. అయినా చూడండి: 46 వేలకు 0.4 సెకన్లు, 7,500కి 2.7 సెకన్లు, 2,300కి 1.4 సెకన్లు.

కాబట్టి మొదలుపెట్టేవాళ్లకి నా వరస ఇది. మొదట కదలని సీటు, కదలని ఫ్రేమ్. రెండోది బ్రేకు. మూడోది మానిటర్ దూరం, దీనికి పైసా ఖర్చు లేదు. 27 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే అది మన చూపులో ఆక్రమించేది 53 డిగ్రీలే. గేమ్‌లో వ్యూ కూడా అంతే పెట్టాలి. గేమ్ నిలువు కోణం అడిగితే 31. మొదట కిటికీలోంచి చూస్తున్నట్టు ఇరుకుగా ఉంటుంది, పక్క కార్లు కనపడవు. కానీ మలుపు ఎంత దూరంలో ఉందో కన్ను సరిగ్గా చెప్తుంది. అవన్నీ అయ్యాకే మోటర్. గేర్ డ్రైవ్ సెకండ్ హ్యాండ్‌ది చాలు, ఏడాది నడపండి.

ఇంకో మాట. ఈఎంఐ మీద కొనకండి. కొత్తది కొనేముందు ఉన్నదాన్ని ఇరవై గంటలు నడపండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి. ఎంతైందో ఇంట్లో ఆ రోజే చెప్పేయండి. తర్వాత చెప్పడం ఆ వస్తువు కన్నా ఖరీదవుతుంది.

నాన్న ఒకసారి నడిపాడు. మోన్జా మొదటి మలుపులోనే గోడకి కొట్టాడు. దిగి, "బండి మంచిగుంది, డ్రైవరే బాగలేడు" అని వెళ్లిపోయాడు. మళ్లీ కూర్చోలేదు. ఆయనకి రేసు మీద ఇష్టం లేదు. వెనక నిలబడి, బ్రేకు వేసినప్పుడు ఏ జాయింటు కదులుతోందో చూస్తాడు, అంతే. కింది ఆంటీ మాత్రం "పిండి మిషన్ అమ్మేశారా?" అని అడిగింది. రబ్బరు పాదాల పుణ్యం.

పోయిన నెల మా ఆఫీసు కొలీగ్ ఒకడు చూడ్డానికి వచ్చి, "అంకుల్, నాకూ ఒకటి చేసిపెడతారా?" అని అడిగాడు. నాన్న వాడి కాళ్ల పొడవు టేపుతో కొలిచాడు. నోట్‌బుక్‌లో పైపులు, సీటు, బోల్టుల లెక్క రాసి, చివర్న "మజూరి 3,500" అని రాశాడు. నేను మధ్యలో కల్పించుకుని "మనవాడే కదా నాన్నా, తగ్గించు" అన్నా.

"పనికి పైసలు తీసుకోవాలె" అన్నాడు. కొలీగ్ అడ్వాన్స్ ఇచ్చాడు. నాన్న లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నా షీట్ తెరిచి, రిగ్గు ఖర్చు 7,500 కింద ఇంకో లైను చేర్చా. నాన్న మజూరి, 3,500. షీట్ ఇప్పుడు ఆయన ఫోన్లో కూడా ఉంది. పొద్దున చూసేసరికి ఆ లైను పక్కన ఆయన టైప్ చేసిన ఒక్క మాట ఉంది: "బాకీ".

ఒకటో తారీఖున కట్టేశా.